అచ్చులో మిగిలిన పోగులు

పక్షవాతం వచ్చాక మా మామ గండయ్యకు ఒక్క మాటే మిగిలింది. ‘స్టార్ట్’. అదైనా ఆయన సొంత మాట కాదు. మా అమ్మాయి అనూహ్య నుంచి అంటుకున్నది.

అనూహ్య ఇంటర్ చదివే రోజుల్లో తాత నేతను ఫోనులో వీడియోలు తీసేది. మగ్గం గుంట అంచున చతికిలబడి, ఫోను నిలువుగా పట్టుకొని, “తాతా, స్టార్ట్!” అనేది. అప్పటిదాకా తాడు చేత పట్టుకొని ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయిన మామ, ఆ మాట వినగానే తాడు గుంజేవాడు. అడ్డపోగు మోసే నాడె అటునుంచి ఇటు దూకేది. కొన్నాళ్లకు పిల్ల పక్కన లేకపోయినా, పొద్దున్నే గుంటలోకి కాళ్లు దించి, తనకు తానే “స్టార్ట్” అని చెప్పుకొని పని ఎత్తుకునేవాడు.

“ముసలితనంల ఇంగ్లీషు షోకు,” అని మా అత్తమ్మ మల్లమ్మ మూతి తిప్పేది. “పెండ్లినాడు నా పేరు చెప్పుమంటె నోరు పెగల్లేదు ఈయినకు. గిప్పుడు సూడు.”

మాది పోచంపల్లి. ఇంట్లోకి రాగానే ముందుగదిలో మగ్గమే కనిపిస్తుంది. దాని పక్కన మిగిలిన జాగాలోనే కుర్చీలు, టీవీ, చెప్పుల స్టాండు. మా పుట్టింటివాళ్లూ నేతవాళ్లే అయినా, మా నాన్న కాలానికే నేత మానేసి మోత్కూర్‌లో బట్టల దుకాణం పెట్టుకున్నారు. చీర మడత చూసి బాగోగులు చెప్పగలను గానీ, మగ్గం పని నాకు తెలియదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు తల నొప్పి పుట్టేది. తర్వాత అది ఆగితేనే ఏదో అయిందని వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని.

ఆ రోజు మాత్రం ఆగడానికి మగ్గం చప్పుడే లేదు.

అంతకు రెండు రోజుల ముందే మామ ఒక పడుగు ముగించి చివరి చీర కోశాడు. కొత్త పడుగు సిద్ధంగా ఉంది. సైకిల్ ట్యూబు రబ్బరుతో చిటికి కట్టి, వంకాయ రంగు అద్ది, ఆరబెట్టి, పాత ధోతిలో చుట్టి గోడ కొయ్యకు తగిలించాడు. చిటికి కట్టిన చోటల్లా రంగు అంటక తెల్లటి చుక్కలు మిగిలాయి. ఇక దాన్ని మగ్గానికి అతకడమే తరువాయి. అత్తమ్మ పిడకల బూడిద జల్లెడ పట్టి కొబ్బరి చిప్పలో పెట్టింది. అతకడం ఎప్పుడూ ఆమె పనే.

తెలియనివాళ్లకు ఈ అతుకు సంగతి చెప్పాలి. ఒక పడుగు అయిపోయాక నేతగాడు పోగులన్నీ తీసెయ్యడు. పోగులను వరుసగా పట్టి ఉంచే అచ్చులో జానెడు పోగులు అలాగే వదిలేస్తాడు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును, ఆ పాత పోగుల్లో ఒక్కొక్క దాని కొసకు, బూడిద అంటిన వేళ్లతో మెలిపెట్టి కలుపుతారు. అన్నీ కలిశాక ముందుకు లాగితే పాత పోగుల వెంట కొత్తవి అచ్చులోంచి వాటంతటవే నడిచి వస్తాయి. ఆ పాత కొసలే లేకపోతే ప్రతి పోగునూ కొత్తగా అచ్చు పళ్ల సందుల్లోంచి దూర్చుకోవాలి. అది చూపున్నవాళ్లకే కష్టం. మా ఇంట్లో ఆ అవసరం ఎన్నడూ రాలేదు. మామ వేరుపడినప్పుడు వాళ్ల నాయన, వంటసామాను కంటే ముందు, పోగులున్న అచ్చు ఒకటి చేతికిచ్చి పంపాడట. ఆ కొసలకు అతికిన పడుగు, దానికి అతికిన ఇంకో పడుగు, అలా వచ్చినవే ఇవి.

ఆ పొద్దున మామ గుంటలోకి దిగి పాత పోగుల కొసలు సరిచేస్తున్నాడు. కాలేజీకి బయలుదేరిన అనూహ్య, భుజాన బ్యాగుతోనే ఫోను తీసింది.

“తాతా, అతుకుడు వీడియో ఎవ్వలు పెట్టలే ఇప్పటిదాక. స్టార్ట్!”

“స్టార్ట్,” అన్నాడాయన. రెండోసారి అన్నప్పుడు మాట ముద్దగా వచ్చింది. మూడోసారికి కుడిపక్కకు ఒరిగిపోయాడు.

పట్నం దవాఖాన నుంచి తిరిగి వచ్చేసరికి ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాటలు పోయాయి. అక్కడ మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకామె అట్టముక్కల మీద బొమ్మలు చూపించింది. ఆవును చూపిస్తే “స్టార్ట్” అన్నాడు. గ్లాసును చూపిస్తే “స్టార్ట్”. అద్దం ముందు పెడితే కాసేపు చూసుకొని, అనుమానంగా, “స్టార్ట్?” అన్నాడు.

“మాటలు పోలేదండీ, లోపలే ఉన్నాయి,” అందామె. “బయటికొచ్చే దారి మూసుకుపోయింది. ఇదొక్కటి ఎలాగో మిగిలింది. ఆయనకేం కావాలో ఆయనకు తెలుసు. మీరే కనిపెట్టుకోవాలి.”

నేను నల్గొండలో బి.ఏ. చదివాను, తెలుగు సాహిత్యం. చదివింది వంటింట్లో అక్కరకు రాలేదు గానీ, మనుషులు ఏ మాట ఎక్కడ వాడతారో గమనించే అలవాటు మాత్రం పోలేదు. ఇంట్లో మొదలయ్యే ఒక్కొక్క దానికీ మామ దగ్గర ఒక్కొక్క మాట ఉండేది. వాన అందుకునేది. బస్సు కదిలేది. పొయ్యి అంటుకునేది, జ్వరం పట్టేది, పక్కింట్లో లొల్లి లేచేది. బతుకమ్మ దగ్గర ఆడవాళ్లు పాట ఎత్తుకునేవాళ్లు. నేను ఇంకా బియ్యం కడగలేదని తెలిస్తే “ఎసరన్న పెట్టినవా బిడ్డా” అని అడిగేవాడు. దుకాణంలో పొద్దున్నే అరువు అడగబోతే “బోనీ కానియ్యి” అని నన్ను ఆపేవాడు. ఊళ్లో ఎవరిదో కొత్త ఇంటికి ముగ్గు పోశారనేవాడు, మా ఆయన మురళి ఉద్యోగంలో చేరిన రోజున షురూ అయిందన్నాడు. చీరకైతే, నాడె ఏసిన అనేవాడు. ఒక్క పడుగు దగ్గరే ఆయన నోట ఇలాంటి మాట ఏదీ రాగా వినలేదు. పడుగు అతికినం అనేవాడు, అంతే.

అన్ని మాటలున్న మనిషికి ఇప్పుడు అన్నిటికీ ఇదొక్కటే. దాహమైతే స్టార్ట్. మూత్రానికి పోవాలంటే, తొందరగా, రెండుసార్లు. టీవీ పెట్టమన్నా అదే, ఆపమన్నా అదే. జావలో ఉప్పు తగ్గితే నా వైపు చూసి, నిష్ఠూరంగా, సాగదీసి అనేవాడు. నెల తిరిగేసరికి నాకు గొంతులోని తేడాలు తెలిసిపోయాయి. అత్తమ్మకు మొదటిరోజు నుంచే తెలుసు.

“ఇన్నేండ్లు తెలుగుల తిట్టిండు, గిప్పుడు ఇంగ్లీషుల తిడుతుండు,” అనేది ఆయన మూతి తుడుస్తూ. “ఏందయ్యా? ఉప్పు గావాల్నా? మీ కోడలు చదువుకున్నది, ఉప్పు తింటె బీపీ అంటది. ఆమెతోనె మాట్లాడు ఇంగ్లీషు.”

“స్టార్ట్!” అనేవాడు మామ.

“ఆఁ, ఆఁ. నువ్వే స్టార్ట్.”

ఎదురింటి కౌసల్య పలకరించడానికి వచ్చి, “గండయ్య మామ మనకంటె మేలు, ఆఫీసర్లలెక్క ఒక్క మాటల తేల్చేస్తుండు,” అని నవ్వించబోయింది. అత్తమ్మ నవ్వింది కూడా. కౌసల్య వెళ్లాక వంటింట్లోకి వచ్చి, నా వైపు వీపు పెట్టి, ఖాళీ బిందెలోకి చెంబు ముంచింది. నీళ్లు లేవని చూసుకోకుండా ఇంకోసారి ముంచింది.

నవ్వనిది అనూహ్య ఒక్కతే. ఫోనులోంచి తాత వీడియోలు తీసేసిందో దాచుకుందో నేను అడగలేదు. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి మళ్లీ వినలేదు. స్కూటీ మొరాయిస్తే వాళ్ల నాన్నతో, “నాయినా, బండి నడుస్తలేదు,” అనేది.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. సర్దుకుపోలేనిది మగ్గం.

మంచాన్ని వెనకగదిలో వేశాం. మధ్యాహ్నం మేము అన్నాలు తినే వేళకు మామ ఎడమ మోచెయ్యి మీద, ఎడమ మోకాలి మీద జరుగుతూ ముందుగదిలోకి వచ్చేవాడు. గుంట పక్కన గోడకు ఆనుకొని కొయ్యకు వేలాడే ధోతి మూట వైపు చెయ్యి చాపేవాడు. తర్వాత అచ్చులో వేలాడుతున్న పోగుల వైపు. తర్వాత అత్తమ్మ వైపు.

“స్టార్ట్. స్టార్ట్. స్టార్ట్.”

ఏం అడుగుతున్నాడో కనిపెట్టడానికి డాక్టరమ్మ అక్కర్లేదు. మూటలో ఉన్నది ఆయన తన చేతులతో కట్టిన చివరి పడుగు. అది అతకాలి.

“అతుకుదాం తియ్యి. నువ్వు జర మంచిగ గానియ్యి,” అనేది అత్తమ్మ. రోజూ అదే జవాబు. రోజూ ఆయన నమ్మేవాడు, లేదా నమ్మినట్టు తల ఆడించేవాడు.

ఒకరోజు మేము వచ్చేలోపు గుంటలోకి కాళ్లు దించబోయి పడ్డాడు. నుదురు, కాలితో తొక్కే పలక అంచుకు తగిలి చీలింది. కుట్లు వేయించుకొని వచ్చాక, చౌటుప్పల్‌లో మందుల కంపెనీ డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన మా ఆయన మురళీమోహన్, చెప్పులు కూడా విడవకుండా గుంట ముందు నిలబడ్డాడు.

“పూడుస్త అమ్మా. రేపే మట్టి తెప్పిస్త. మంచం గీడ ఏస్తె బాపుకు గాలి గూడ వస్తది.”

“మగ్గం?” అంది అత్తమ్మ.

“ఎవరు నేస్తరే ఇగ మగ్గం? నాకొస్తదా? నాకు నేర్పిండా బాపు? ‘నువ్వు చదువుకో బిడ్డా, గీ గుంటల దిగకు’ అన్నదెవరు?”

“అన్నడు. నేను గాదంటున్ననా?”

“మరింక?”

“ఆ మూట అట్లనె ఉన్నది గద మురళీ.”

“లింగస్వామన్న అడుగుతుండు. పడుగు ఇస్తె నేను నేస్తనంటుండు. కొయ్యకు ఉంటె ఏమైతది? ఎలుకలు కొడ్తయి.”

లింగస్వామి మా వెనక వీధిలో ఉంటాడు. చిన్నప్పుడు మామ దగ్గరే చిటికి కట్టడం నేర్చుకున్నాడు. అతని మగ్గం ఇంకా ఆడుతోంది. మురళి ఆ మాట అనగానే వెనకగదిలోంచి మామ గొంతు వచ్చింది. అంత గట్టిగా ఆయన అరవగలడని నేను అనుకోలేదు. అదే మాట.

మర్నాడు మురళి డ్యూటీకి వెళ్లాక నేను అత్తమ్మను అడిగాను. “నాకు అతుకుడు నేర్పుండ్రి. మెల్లగ నేర్చుకుంట. అతికి పెడ్తె ఆయన మనసు నిమ్మలమైతదేమో.”

ఆమె నా వేళ్లు తీసుకొని తిప్పి చూసింది, కూరగాయలు ఏరినట్టు. “గోర్లు తీసెయ్యి,” అంది.

మూట దించి, పడుగు విప్పి, కొసలను అచ్చు వెనక సరిచేసి కట్టింది. బూడిద చిప్ప మధ్యలో పెట్టింది. పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో చూపుడువేలి మీద ఒక్క దొర్లింపు. ఆమె వేళ్లకు అది ఒకే కదలిక. నాకు మెలి పడేది కాదు. పడ్డట్టే ఉండి, లాగితే ఊడేది.

“గట్టిగ ఒత్తకు. ఒత్తితె నలుగుతది, కలువది. చంటిపిల్ల చెవి పట్టుకున్నట్టు పట్టుకో.”

కానీ ఆమెకే కళ్లు ఆనడం లేదు. ఒక్కొక్క పోగు కోసం కిటికీ వెలుతురు వైపు తల వంచాల్సి వచ్చేది. వేళ్లు ఎరిగిన పనిని కళ్లు ఆపేవి. సాయంత్రానికి ఇద్దరం కలిసి బెత్తెడు వెడల్పు అతికాం.

మామను తెచ్చి గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టాం. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. మా వేళ్ల వైపే చూశాడు. నాది ఒక మెలి ఊడితే ఎడమచేతి వేళ్లు రెండు గాల్లో రాసుకున్నాయి, ఇట్లా అన్నట్టు. నుదుటి కుట్ల కింద ముఖం తేటపడింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ ముఖాన్ని అంత నెమ్మదిగా చూసింది అదే మొదటిసారి. చెయ్యగలమని నాకు ఆశ పుట్టింది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. అతుకు జానెడు దాటింది. అయితే మామ నెమ్మది మొదటిరోజుతోనే పోయింది. రెండోరోజు నుంచి అతికిన మేర వైపు చూపించి, గుంట వైపు చూపించి, తన రొమ్ము మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. స్టార్ట్. అతికితే సరిపోతుందని మేము అనుకున్నాం. ఆయనకు అతుకు అంటే, మర్నాడు తాను గుంటలో దిగి తాడు గుంజడం. అతికే కొద్దీ ఆయనకు ఆ రోజు దగ్గర పడుతోంది.

అయిదో రోజు నేను గ్యాసు బండ మార్పించుకుంటుంటే, అత్తమ్మ స్నానంలో ఉండగా, మళ్లీ గుంటలో పడ్డాడు. ఈసారి తల తగల్లేదు. పలకల మధ్య ఇరుక్కొని, చచ్చుబడిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి తాడు మీద పెట్టుకోవడానికి చూస్తున్నాడు. అది జారిపోతోంది. మళ్లీ ఎత్తుతున్నాడు. గ్యాసు తెచ్చినతను, నేను కలిసి పైకి తీశాం.

అత్తమ్మ తడి చీరతోనే వచ్చి అదంతా చూసింది. లోపలికి వెళ్లి, చీర మార్చుకొని, తల తుడుచుకొని, కొప్పు పెట్టుకొని వచ్చింది. పీట తెచ్చుకొని అచ్చు ముందు కూర్చుంది.

“మంజులా, ఆయన్ను ఎదురుంగ కూసోపెట్టు.”

“ఏం చేస్తరత్తమ్మా?”

“తీసేస్త.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చెయ్యి అచ్చులోని పోగుల మీద ఉంది.

“వద్దత్తమ్మా. అవి తీస్తె మళ్ల… నేను నేర్చుకుంటున్న గద. సగమన్న అయితది ఈ నెలల.”

“నువ్వు నేర్చుకునేదాక ఆయన తలకాయ ఉండాలె గద బిడ్డా.” గొంతు పెంచలేదు. “గీ పోగులు గీడ ఉన్నన్ని దినాలు గా గుంట ఆయన్ను పిలుస్తనే ఉంటది. ఒకనాడు లేవడు. నా చేతులతోనే అతికిన, నా చేతులతోనే తీస్త.”

“ఆయన పండుకున్నంక తియ్యుండ్రి, పోనీ.”

“దొంగతనమా? ఆయన సొమ్ము. ఆయన సూస్తుండంగనె తియ్యాలె.”

నేను మామను కూర్చోబెట్టాను. ఆమె మొదట మేము అతికిన మేర విప్పింది. ఒక్కొక్క మెలి ఊడదీసి, కొత్త పడుగు కొసలను నలగకుండా ముడివేసి పక్కన పెట్టింది. అంతవరకు ఆయన అయోమయంగా చూశాడు. తర్వాత పాత పోగులను గుప్పెడు పట్టుకొని తన వైపు లాగింది.

“స్టార్ట్,” అన్నాడు మామ.

పోగులు అచ్చులోంచి చప్పుడు లేకుండా వచ్చాయి. దువ్వెనలోంచి ఊడిన వెంట్రుకల్లా ఆమె ఒడిలో పడ్డాయి. ఇంకో గుప్పెడు.

“స్టార్ట్! స్టార్ట్!” ఎడమచెయ్యి ఎత్తాడు. నేను ఆయన భుజం పట్టుకున్నాను.

ఆమె ఆయన ముఖంలోకి చూస్తూనే లాగుతోంది. “యాది చేసుకో. మీ నాయినిచ్చిన పోగులు. తెలుసు నాకు. మన మురళి పుట్టిన్నాడు పొద్దుగాల గూడ అతికిన నేను, నొప్పులతోని. తెలుసు. చాలు ఇగ. చాలయ్యా.”

ఆయన మరోసారి అన్నాడు, చిన్నగా. చివరి గుప్పెడు దగ్గర పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అచ్చు పళ్ల సందుల్లోంచి కిటికీ వెలుతురు గోడ మీద గీతలు గీతలుగా పడింది. ఇన్నేళ్లలో ఆ అచ్చు ఖాళీగా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి.

అత్తమ్మ ఒడిలోని పోగులను దులిపెయ్యలేదు. చేతికి చుట్టి ఉండలా చేసి, బూడిద చిప్పలో పెట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట వినపడలేదు. దాహమైనా అడగడు. ముద్ద నోటి దగ్గర పెడితే తింటాడు, పెట్టకపోతే లేదు. అత్తమ్మ మొదటి రెండు రోజులు ఏమీ ఎరగనట్టు తిరిగింది. మూడోరోజు జావ గిన్నె ఆయన ముందు పెట్టి, ఉప్పు వెయ్యకుండా, చెంచా నోట్లో పెట్టి ఆగింది.

“సప్పగున్నదా? అను. ఉప్పెయ్యమను.”

ఆయన మింగాడు.

“తిట్టు నన్ను. ఇంగ్లీషుల తిట్టు.”

ఇంకో చెంచా మింగాడు. ఆమె లేచి ఉప్పు తెచ్చి, వేసి, కలిపి, చివరిదాకా తినిపించింది. నేను గుమ్మం దగ్గరి నుంచి తప్పుకున్నాను.

ఆదివారం లింగస్వామి వచ్చాడు. పడుగు మూట ఇవ్వడానికి అత్తమ్మ ఒకటే షరతు పెట్టింది. “మీ ఇంట్ల అచ్చుకు నేనే అతుకుత. మంజుల సాయం పడతది.”

“అయ్యో వదినా, గంతకంటె ఏం గావాలె? మా ఇంటిదానికి సగం పని తప్పె,” అన్నాడతను, కళ్లు దించుకొని.

లింగస్వామి ఇంట్లో కిటికీ పెద్దది. ఆయన భార్య యాదలక్ష్మి, అత్తమ్మ, నేను, ముగ్గురం కూర్చుంటే అతుకు చకచకా సాగింది. అత్తమ్మ నా మెలి ఒకటి లాగి చూసి, ఊడకపోవడంతో తర్వాతి పోగు అందుకుంది. వాళ్ల ఇంటి పాత పోగులు పసుపు రంగువి. వాటి కొసలకు మా వంకాయ రంగు పోగులు ఒక్కొక్కటే చేరాయి. ముందుకు లాగినప్పుడు ఆ పసుపు వెంట వంకాయ రంగు అచ్చులోంచి నడిచి వచ్చింది, మామ కట్టిన తెల్లచుక్కలతో సహా.

నాడె వేసే రోజున మామను చక్రాల కుర్చీలో తీసుకెళ్లాం. సందులోని గుంటల దగ్గర మురళి, అనూహ్య చెరోపక్క కుర్చీని ఎత్తి దాటించారు. లింగస్వామి తల దువ్వుకొని, పండుగనాడు వేసుకునే చొక్కా వేసుకొని గుంటలో కూర్చున్నాడు. తాడు చేత పట్టుకున్నాడు.

“అన్నా, నీ పడుగు. నువ్వు అంటెనే నేను గుంజేది,” అన్నాడు.

మామ పడుగు వైపు చూస్తున్నాడు.

“అను అన్నా. నీ మాట గదా. పోరి నేర్పిన మాట.”

అనూహ్య తల తిప్పుకుంది. అందరం మామ పెదవుల వైపు చూస్తున్నాం. అవి కదల్లేదు. వీధిలో ఐస్‌క్రీము బండి మోగుతూ వెళ్లింది. లింగస్వామి చెయ్యి తాడు మీదే ఉంది, అతను దించలేదు. చెమట పట్టిన వేళ్లను ఒకసారి చొక్కాకు తుడుచుకొని మళ్లీ పట్టుకున్నాడు. మురళి “పోనీ లేన్నా, కానియ్యి” అనబోయాడు. నేను మోచేత్తో ఆపాను.

మా అత్తమ్మ కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆ మాటను ఆమె ఎప్పుడూ ఎగతాళికి తప్ప అనలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది.

“స్టార్ట్,” అంది.

లింగస్వామి తాడు గుంజాడు. నాడె దూకింది. పలక కిందికి, పలక పైకి. మా ఇంట్లో ఆగిపోయిన చప్పుడే వాళ్ల ఇంట్లో లేచింది. యాదలక్ష్మి చేతులు జోడించింది. అందరూ మగ్గం వైపు చూస్తున్నారు. నేను మామ వైపు చూశాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. కుర్చీ కింది పలక మీద ఉన్న ఎడమపాదం మాత్రం ఒత్తుతోంది, లేస్తోంది. లింగస్వామి కాలు వేగం పెంచితే అదీ పెంచింది.

మా గుంటను మురళి మరుసటి వారం పూడ్పించాడు. మట్టి పోసి, దిమ్మిస కొట్టి, పైన టైల్స్ వేయించాడు. మామ మంచం ఇప్పుడు అక్కడే ఉంది, కిటికీ వారగా. గాలి బాగా వస్తుంది. మగ్గం కర్రలు మేడమెట్ల కింద ఉన్నాయి. ఖాళీ అచ్చు వెనకగదిలో గోడకు ఆనించి ఉంది.

గాలి అటునుంచి వీచినప్పుడు లింగస్వామి మగ్గం చప్పుడు మా ముందుగది దాకా వస్తుంది. అప్పుడు దుప్పటి కింద మామ ఎడమపాదం కదులుతుంది. పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతున్న అత్తమ్మ కత్తిపీట పక్కకు జరిపి, ఆ పాదం మీద అరచెయ్యి వేస్తుంది. ఆపడానికి కాదు. కదులుతున్నంతసేపూ చేతిని అలాగే ఉంచుతుంది.